కంచరగాడిద మడుగు

రెండు వేసవులు నా నదిలో నా కాలు తడవలేదు. ఈ మాట పైకి చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అరవై మూడేళ్ళదాన్ని. మాటలు సరిగ్గా రాకముందే బక్‌హార్న్ నదిలో నడిచినదాన్ని. ఈ కొండల్లో వెర్నా నోటికి ఎదురు లేదని పేరు తెచ్చుకున్నదాన్ని. అలాంటి నేను రెండేళ్ళపాటు పడవలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఎందుకంటే, అలా కూర్చోమని ఒకాయన చెప్పాడు.

ఆయన పేరు గ్రాంథమ్. ఎక్కడినుంచో వచ్చి ఎడమ గట్టున పచ్చికబయలు మొత్తం కొన్నాడు. దుంగలతో పెద్ద బస కట్టించాడు. పట్నాలనుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి అందులో దిగి చేపలు పడతారు. పట్టుకోనీ, మాకేం? కానీ భూమితోపాటు ఒక పాత కాగితం కూడా తన చేతికొచ్చిందన్నాడు. ఇంగ్లండు రాజు ఈ కొండల్ని తనకు నచ్చినవాళ్ళకు పంచిపెట్టిన రోజుల్లో ఇచ్చిన పట్టా అట. అందులో గట్టుతోపాటు నది కింద నేల కూడా రాసి ఉందట. రెండేళ్ళ కిందటి వేసవి మొదట్లోనే గట్టునున్న సికమోర్ చెట్లకు బోర్డులు వెలిశాయి. నీళ్ళు అందరివీ, నీళ్ళ కింద నేల మాది, పడవలో వెళ్ళండి, నేలకు కాలు తగిలితే కేసు, అని.

రాజును తరిమేసి రెండువందల ఏళ్ళు దాటింది. ఆయనగారి పట్టా మాత్రం వచ్చి మా చెట్లకు వేలాడింది.

ఆ బోర్డులున్న మైలున్నరకు సరిగ్గా మధ్యలో ఉంది కంచరగాడిద మడుగు. మా తాత కాలంలో ఎవరిదో కంచరగాడిద నది దాటుతూ అక్కడికి వచ్చి, నీళ్ళలో కూర్చుండిపోయిందట. తిట్టినా, కొట్టినా, దాణా చూపించి బతిమాలినా లేవలేదట. సాయంత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు లేచి ఇంటికి పోయిందట. మడుగుకు పైన జోరునీళ్ళు, కింద పొడుగాటి రాతి అరుగు, అరుగు కింద ఎప్పుడూ చీకటే. ఆగస్టులో ఎండ ముదిరి నది సన్నబడ్డాక చల్లదనం కోసం కంచువీపులన్నీ ఆ అరుగు కిందికే చేరతాయి. పుస్తకాల్లో ఈ చేపను స్మాల్‌మౌత్ బాస్ అని రాస్తారు. మాకు కంచువీపు. ఎండలో దాని ఒంటి రంగు అదే. నాలుగు పౌన్లు తూగితే అబ్బో అనుకుంటాం, కానీ గాలానికి తగిలిందంటే పది పౌన్ల చేపకు ఉండాల్సిన పొగరంతా చూపిస్తుంది. చేతిలోకి వచ్చాక కూడా ఎర్రటి కన్నేసి మనవైపే చూస్తుంది. అందుకే నాకది ఇష్టం.

దానికి ప్రాణం గ్రాంపస్. రాళ్ళ కింద బతికే నల్లటి పురుగు. వేలెడంత ఉంటుంది, జెర్రికున్నట్టు పక్కలనిండా కాళ్ళు, కొరికిందంటే రక్తం రావాల్సిందే. దాన్ని పట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు దిగువన నిలబడి జాలీ పట్టుకోవాలి. జాలీ అంటే ఏం లేదు, పాత కిటికీకి ఊడదీసిన దోమతెర, దాని రెండు అంచులకూ చెరో చీపురుకర్ర. రెండోవాళ్ళు ఎగువన రాయి తిప్పి, దాని కింద గులకను కాలితో కలియబెట్టాలి. పురుగులు కొట్టుకొచ్చి జాలీలో పడతాయి. ఆ తర్వాత రాయిని మళ్ళీ ఏ పక్క కిందికి ఉందో ఆ పక్కే కిందికి వచ్చేలా పెట్టాలి. ఇది మా నాన్న పెట్టిన నియమం. రాయి తిరగేసి వదిలేసిన మనిషితో ఆయన వారం రోజులు మాట్లాడేవాడు కాదు. "నీ ఇంటి కప్పు పీకి పక్కనపడేసి నేను పోతే ఊరుకుంటావా?" అని అడిగేవాడు.

నేలకు కాలు తగలకుండా రాయి తిప్పడం ఎవరివల్లా కాదు. అంటే గ్రాంపస్ పోయింది. మూడు తరాలుగా రాళ్ళు తిప్పిన ఇంట్లో పుట్టి, నేను దుకాణానికి పోయి అట్టముక్కకు అంటించి అమ్మే రబ్బరు పురుగులు కొన్నాను.

గట్టుమీద కాపలాకు గ్రాంథమ్ డ్వైట్ స్పర్లాక్‌ను పెట్టుకున్నాడు. వాడు మావాడే. కుర్రతనంలో రెండు వేసవులు మా నాన్న వెనక జాలీ మోశాడు. ఇప్పుడు వాడి చేతిలోకి మైకు వచ్చింది. మడత కుర్చీ వేసుకుని కూర్చుని, పడవ కనిపిస్తే చాలు, "కాళ్ళు! కాళ్ళు!" అని అరిచేవాడు. మేం ఎత్తేసేవాళ్ళం. మా పాస్టరుగారు ట్రాక్టరు ట్యూబులో తేలుకుంటూ వెళ్ళేవారు. మైకు వినబడగానే రెండు కాళ్ళూ గాల్లోకి లేపి, వెల్లకిలా పడ్డ తాబేల్లా కొట్టుకుపోయేవారు. నీళ్ళు తగ్గి పడవ రాళ్ళకు పట్టేస్తే దిగి తోసే దారి లేదు. మా ఆయన థర్మన్ ఒకసారి ఒకే రాయిమీద గంటసేపు తెడ్డుతో పొడుస్తూ కూర్చున్నాడు. మొదట్లో మాకూ నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. ఎంత అలవాటైందంటే, ఒకరోజు బోర్డులన్నీ దాటి ఎవరి హద్దూ లేని చోటికి వచ్చాక చూసుకుంటే, నేనూ మా ఆయనా ఇంకా కాళ్ళు ఎత్తుకునే ఉన్నాం. నామీద నాకే అసహ్యం వేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఈ ఏడు జూలై ఆఖరి ఆదివారం మా అక్క కొడుకు క్లేటన్ భోజనానికి వచ్చాడు. వాడు షెరిఫ్ దగ్గర డెప్యూటీ. మెత్తటి బిస్కట్ రొట్టెలు విరిచి గ్రేవీలో ముంచుకుంటూ, ఉద్యోగం కష్టాలు మొదలుపెట్టాడు.

"పొద్దున్నే మళ్ళీ బస నుంచి ఫోను పిన్నీ. ఎవడో కాలు పెట్టాడంట. నేను పోయేసరికి ఆ మనిషి ఏడుపొక్కటే తక్కువ. జన్మలో ఇటు రానని దణ్ణం పెట్టి పోయాడు."

"కేసు రాశావా?"

"నా అంతట నేను ఎట్లా రాస్తా? ఆ గ్రాంథమ్ గారు ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. అప్పుడు రాస్తా."

"పెట్టలేదా?"

"ఆయనెప్పుడూ పెట్టడు. పోనీలే, ఈసారికి వదిలెయ్ అంటాడు. మనం అనుకున్నంత చెడ్డోడు కాదు పిన్నీ."

నేను చెంచా కింద పెట్టాను. "ఎప్పుడూ అంటే? ఎన్నిసార్లు పోయుంటావు?"

"రెండేళ్ళలో ఇరవైసార్లు పోయుంటా."

"ఇరవైలో ఒక్కదానికీ సంతకం పెట్టలేదా?"

"ఊహూఁ."

"పెడితే ఏమవుద్ది?"

"కోర్టుకి పోద్ది. జడ్జిగారు ఆ నేల మీదేనని చూపించండి అంటారు. అప్పుడీయన ఆ కాగితం తీసి..." అంటూ క్లేటన్ ఆగిపోయాడు. వాడు బంగారం లాంటి పిల్లాడే, కాకపోతే బుర్రలో దీపం వెలగడానికి కాస్త సమయం పడుతుంది. చేతిలోని బిస్కట్టు గ్రేవీలో కరిగిపోతున్నా చూసుకోలేదు.

"ఆ కాగితం నువ్వు చూశావా?" అన్నాను.

"లేదు."

"షెరిఫ్ చూశాడా?"

"ఎవరూ చూసినట్టు లేదు పిన్నీ."

మా ఆయన టమాటా ముక్కలమీద ఉప్పు చల్లుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "వద్దు వెర్నా," అన్నాడు.

"నేనేమీ అనలేదే!"

"నీ మొహం అంటోంది. నలభై ఏళ్ళనుంచి చూస్తున్నా ఆ మొహాన్ని."

"ఒక్కసారి దిగి నిలబడతా. అంతే. సంతకం పెట్టమంటా."

"పెడితే? ఆ కాగితం నిజమైనదే అయితే? కేసు రుజువైతే నిన్ను స్కూలు వంటగదిలోకి రానిస్తారా? ఇంకా రెండేళ్ళుంది నీ పింఛనుకి. ఈ వయసులో ఎవడిస్తాడు నీకు పని?"

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ వంటగదిలో పిల్లలకు వండిపెడుతున్నాను. ఆ పని పోతే మా ఇల్లు గడవడం కష్టం. నాకు భయం వేసింది. కానీ ఆ గ్రాంథమ్ నా భయాన్ని నమ్ముకునే రెండేళ్ళుగా బోర్డులు కట్టుకుని కూర్చున్నాడని తెలిశాక, ఇక ఆ భయంతో ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. శుక్రవారం దుకాణంలో పదిమంది వినేలా చెప్పాను, రేపు పొద్దున్న కంచరగాడిద మడుగులో దిగుతున్నానని. ఇంట్లో చెప్పుకుంటే వెనక్కి తగ్గొచ్చు, దుకాణంలో చెప్పాక తగ్గడానికి ఉండదు.  కౌంటరు దగ్గరున్న పాస్టరుగారు తన టోపీలోకి తొంగి చూసుకున్నారు.

శనివారం తెల్లవారుతూనే పడవ దించాం. నీళ్ళమీద పొగమంచు ఇంకా లేవలేదు. థర్మన్ మోకాళ్ళు రెండూ పాడైపోయాయి, అయినా తెడ్డు మాత్రం ఇంకొకరికి ఇవ్వడు. దారిపొడుగునా నీళ్ళవైపే చూస్తూ తెడ్డు వేశాడు. కోపమేమో అనుకున్నాను. నేను పాత కాన్వాసు బూట్లు తొడుక్కున్నాను, నదిలో నడవడానికి దాచుకున్నవి. రెండేళ్ళు వాడక బిరుసెక్కి ఉన్నాయి.

మడుగు దిగువ కొసలో థర్మన్ పడవను ఒక రాతి వారకు ఆనించి పట్టుకున్నాడు. ఇక దిగడమే. చెయ్యి అంచుమీద వేశాను. కాళ్ళు రాలేదు. ఉన్నమాట చెబుతున్నాను, కాళ్ళు రాలేదు. దుకాణంలో అన్ని బీరాలు పలికినదాన్ని, మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని రాయిలా కూర్చుండిపోయాను. స్కూలు వంటగది గోడకు నా పేరు రాసున్న ఏప్రన్ కళ్ళముందు కనబడింది. ఏదో ఒకటి చెయ్యాలని రబ్బరు పురుగు గుచ్చి గాలం విసిరాను.

గట్టుమీద డ్వైట్ కుర్చీలోంచి లేచాడు. "పొద్దున్నే వచ్చేశావే వెర్నా అక్కా! ఇవాళేదో ఘనకార్యం చేస్తావని ఊరంతా అనుకుంటున్నారు?"

"కాఫీ తాగావట్రా?" అన్నాను.

"రెండుసార్లు తాగా. నీకోసం కూర్చునే ఉన్నా."

అప్పుడే దారం బిగిసింది. మెత్తగా పట్టడం, లాగి చూడడం ఏమీ లేవు, అరుగు చీకట్లోంచి వచ్చి ఒక్క గుద్దు గుద్దింది. కర్ర వంగిపోయింది. మరుక్షణం మడుగు మధ్యలో కంచువీపు గాల్లోకి లేచింది. తల విదిలించి, పడి, మళ్ళీ లేచింది. నా జన్మలో అంతటిదాన్ని మూడు నాలుగుసార్లకు మించి చూడలేదు. మూడోసారి ఎగరకుండా నేరుగా అరుగు కిందికి దూరింది. దారం రాతి అంచుకు రాసుకుంటోంది. ఆ గరగర నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. పడవలో కూర్చుని లాగితే పుటుక్కుమంటుంది. ఎడమకు నాలుగడుగులు నడిచి, దారాన్ని అంచు పక్కకు తెచ్చి లాగాలి. అక్కడ నీళ్ళు తొడలదాకా. చిన్నప్పటినుంచి అక్కడ నిలబడే లాగాను.

"తెంచేసుకో అక్కా," అన్నాడు డ్వైట్. ఈసారి వాడి గొంతులో వెటకారం కూడా లేదు. దుడుకు పిల్లను బుజ్జగించినట్టు మెచ్చుకోలుగా అన్నాడు. "పోతే పోయింది చేప. కాళ్ళు లోపలే పెట్టుకున్నావు చూడు, అదీ పద్ధతి. మీరంతా బాగా నేర్చుకున్నారు."

మెచ్చుకున్నాడు! మా నాన్న జాలీ మోసినవాడు, నేను కాళ్ళు ముడుచుకున్నందుకు నన్ను మెచ్చుకున్నాడు. అరికాలినుంచి నడినెత్తిదాకా మండింది. ఏప్రనూ పింఛనూ రాజూ పట్టా ఏదీ గుర్తు లేదు. లేచాను. పడవ ఒరిగింది. థర్మన్ రెండో పక్కకు వాలి దాన్ని నిలబెట్టాడు. నేను రెండు కాళ్ళూ కలిపి నీళ్ళలోకి దిగాను.

చల్లటి నీళ్ళు తొడలదాకా వచ్చాయి. బూటు కింద గులకరాళ్ళు కదిలి సర్దుకున్నాయి. రెండేళ్ళ తర్వాత ఆ కదలిక కాళ్ళకు తెలిసేసరికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దారం రాతినుంచి విడిపోయింది. చేప బయటికొచ్చి ప్రవాహానికి అడ్డంగా పరుగెత్తింది. ఎంత గింజుకున్నా వదల్లేదు. చివరికి పక్కకు వాలినప్పుడు కింది పెదవి దగ్గర బొటనవేలు పెట్టి పైకెత్తాను. ఎర్రటి కన్నేసి నావైపే చూసింది.

"కాళ్ళు! కాళ్ళు!" డ్వైట్ మైకులో గొంతు చించుకుంటున్నాడు.

"కాళ్ళు ఇక్కడే ఉన్నాయి, చూసుకో," అన్నాను. గాలం తీసి, చేప తలను ప్రవాహానికి ఎదురుగా తిప్పి నీళ్ళలో పట్టుకున్నాను. అది ఊపిరి కూడదీసుకుని, నా చేతిమీద తోకతో ఒక్కటిచ్చి అరుగు కిందికి పోయింది. "మీ దొరగారికి కబురు పెట్టు. క్లేటన్‌కు కూడా ఫోను చెయ్యి. నేనెక్కడికీ పోను."

గ్రాంథమ్ ముందొచ్చాడు. వెనకాల బసలో దిగిన నలుగురు, చేతుల్లో కాఫీ కప్పులు. మనిషి నెమ్మదస్తుడు, పల్చటి జుట్టు, ఇస్త్రీ చొక్కా. "మేడమ్, బయటికి రండి. మాట్లాడుకుందాం," అన్నాడు.

"నాకిక్కడే బావుంది."

"మీరు నా నేలమీద నిలబడ్డారు."

"అందుకేగా నిలబడ్డా."

క్లేటన్ వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఎండ నీళ్ళమీద పడింది. నడుం పీకుతోంది, అయినా కూర్చోలేదు. వాడు గట్టు దిగి వచ్చి, నన్ను చూసి, గ్రాంథమ్‌ను చూసి, అట్టకు తగిలించిన కాగితం తీశాడు. చెవులు ఎర్రబడిపోయాయి. అయినా గొంతు గట్టిగానే ఉంది.

"సార్, ఈవిడ మీ నేలమీద ఉందంటున్నారు. సంతకం పెట్టండి, కేసు రాస్తాను."

గ్రాంథమ్ కాగితం తీసుకున్నాడు. పై లైనునుంచి కింది లైనుదాకా చదివాడు. జేబులోంచి కలం కూడా తీశాడు.  ఇక పెట్టేస్తాడనుకున్నాను. థర్మన్ నావైపు చూడకుండా తెడ్డువైపు చూస్తున్నాడు. బసలో దిగిన నలుగురిలో ఒకాయన కాఫీ తాగడం మానేశాడు.

"పెద్దావిడ," అన్నాడు గ్రాంథమ్ కలం మూస్తూ. "పోనీలెండి. ఈసారికి హెచ్చరించి వదిలేద్దాం."

"నాకొద్దు నీ హెచ్చరిక!" అని అరిచాను. అవతలి గట్టుదాకా వినబడి ఉంటుంది. "దిగింది నేను. కావాలని దిగాను. పొరపాటున జారిపడలేదు. సంతకం పెట్టు! నీ రాజుగారి కాగితం తీసుకుని కోర్టుకి రా. జడ్జి నీదంటే నా ఉద్యోగం పోతుంది, పోనీ. నీది కాదంటే నీ బోర్డులు నువ్వే పీక్కోవాలి. పెట్టు!"

"మేడమ్, మీరు ఆవేశపడుతున్నారు."

"రెండేళ్ళు పడకుండా ఊరుకున్నా. ఇప్పుడు పడుతున్నా. పెడతావా, పెట్టవా?"

అతను కాగితాన్ని క్లేటన్ చేతిలో తిరిగి పెట్టాడు. "దీని గురించి మా లాయరుతో మాట్లాడాలి," అన్నాడు. ఆ మాట నాతో కాదు, బసవాళ్ళవైపు తిరిగి అన్నాడు. కాఫీ ఆపినాయన, "ఏం, మీ దగ్గర కాగితం ఉందన్నారుగా?" అని అడిగాడు. గ్రాంథమ్ గట్టెక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళు వెనకాలే వెళ్ళారు.

రేపు అతను సంతకం పెట్టొచ్చు. వచ్చే నెల నన్ను కోర్టుకు లాగొచ్చు. నాకు తెలుసు. అయినా ఆ వీపు గట్టెక్కుతుంటే చూసి నా కడుపు చల్లబడింది.

"ఇంక పైకి రా పిన్నీ, అయిపోయింది," అన్నాడు క్లేటన్.

"ఎందుకు రావాలి? రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. నీకు తోచకపోతే నువ్వూ రా."

వెనకాల నీళ్ళ చప్పుడైంది. తిరిగి చూస్తే థర్మన్ పడవ దిగుతున్నాడు. పాడు మోకాళ్ళతో ఒక్కో కాలే దింపుతూ, అబ్బా అమ్మా అని మూలుగుతూ, నడుందాకా తడిసి నిలబడ్డాడు. తర్వాత పడవలోకి చెయ్యి చాచి సీటు కిందినుంచి ఏదో లాగాడు. దోమతెర. రెండు చీపురుకర్రలు.

"ఇదెప్పుడు పెట్టావు పడవలో?" అన్నాను.

"తియ్యలేదు అసలు. రెండేళ్ళనుంచీ అక్కడే ఉంది. నువ్వెప్పుడూ సీటు కింద చూడలా."

నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అతనికి కొత్త, అందుకే కాస్త కంగారుపడి, "ఊఁ, కానీ. నా మోకాళ్ళు ఎక్కువసేపు ఆగవు," అన్నాడు.

మోకాలి లోతు ఉన్నచోటికి నడిచాక, దిగువన కాళ్ళు ఎడంగా పెట్టి జాలీ నిలబెట్టాడు. గట్టుమీద డ్వైట్ మైకు పట్టుకునే ఉన్నాడు, దాన్ని నోటిదాకా ఎత్తలేదు. నేను వంగి, మోచేతులదాకా నీళ్ళలో ముంచి, వెడల్పాటి రాయి ఒకటి రెండు చేతులా తిప్పాను. కింద గులకను కాలితో కలియబెట్టాను. మట్టి మబ్బులా లేచి జాలీలోంచి జారిపోయింది. థర్మన్ జాలీ పైకెత్తాడు. మధ్యలో నాలుగు గ్రాంపస్ పురుగులు, నల్లగా, మెలికలు తిరుగుతూ. పెద్దదాన్ని తీయబోతే బొటనవేలు కొరికింది. రక్తం వచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని నవ్వాను.

తర్వాత మళ్ళీ వంగి, ఆ రాయిని ఏ పక్క కిందికి ఉందో ఆ పక్కే కిందికి వచ్చేలా పెట్టి, దాని పక్క రాయి దగ్గరికి నడిచాను.